ముక్క రంగులకు మళ్లీ వెలుగు

పిల్లలున్న ఏ ఇంట్లోనైనా పుస్తకాల బీరువా అడుగున ఓ పాత డబ్బా ఉంటుంది. ఒకప్పుడది బిస్కెట్ల డబ్బానో, మిఠాయి డబ్బానో అయ్యుంటుంది. ఇప్పుడు అందులో కొసలు అరిగిన పెన్సిళ్లు, మూతల్లేని స్కెచ్‌పెన్నులు, సగం అరిగిన రబ్బరు... అన్నిటికీ అడుగున విరిగిన క్రేయాన్లు. ఎరుపు మూడు ముక్కలై ఉంటుంది. ఆకుపచ్చ గోరంత మిగిలుంటుంది. పసుపు మీద నలుపు అంటుకుని మసిబారి ఉంటుంది. ఒక్క తెలుపు మాత్రం కొన్నరోజు ఎలా ఉందో అలాగే నిటారుగా, చెక్కు చెదరకుండా ఉంటుంది. తెల్లకాగితం మీద తెల్లరంగుతో ఏం గీస్తారు మరి!

‘విరిగిపోయాయి కదా, పారెయ్’ అంటారు పెద్దవాళ్లు. ‘కొత్త డబ్బా కొనివ్వు’ అంటారు పిల్లలు. వినడానికి ఇవి రెండు మాటలే కానీ అర్థం ఒక్కటే. విరిగిందంటే దాని పని అయిపోయిందని. నిజానికి క్రేయాన్ విరిగితే పోయేది ఆకారమే. రంగు ఎక్కడికీ పోదు. ఆ ముక్కల్ని కరిగించొచ్చు, తురమొచ్చు, రుద్దొచ్చు, గీకొచ్చు. కొత్త క్రేయాన్‌తో ఒకటే పని... గీయడం. విరిగినదానితో అయిదారు పనులు. అదెలాగో తెలిస్తే ఆ డబ్బా చెత్తబుట్టలోకి వెళ్లదు.

అందుకు పుట్టపర్తి లాంటి ఊరు భలే అనువైనది. చిత్రావతి ఒడ్డునున్న ఈ ఊరు కరవు సీమలోది. అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. ఏప్రిల్, మే నెలలొస్తే రోళ్లు పగిలే ఎండలు. పొద్దున పది దాటితే పిల్లల్ని గడప దాటనివ్వరు. సెలవులేమో అప్పుడే! తలుపులు మూసుకున్న ఇంట్లో మిగిలేది టీవీ, లేదంటే ఫోను. ఆ ఎండనే పొయ్యిగా మార్చుకుని, ఆ మధ్యాహ్నాలనే బొమ్మల వేళగా చేసుకుంటే? పైగా ఈ సీమకి రంగుల్ని వెలుగుతో కలిపి ఆడించిన చరిత్ర కూడా ఉంది. ఆ సంగతి కాసేపట్లో.

రెండువేల ఏళ్ల మైనం

క్రేయాన్ అంటే మరేం కాదు... మైనం, దాంట్లో కలిపిన రంగుపొడి. ఆ మైనం పెట్రోలియం శుద్ధిచేసేటప్పుడు వచ్చే పారఫిన్. ఇలా మైనంతో చేసిన క్రేయాన్లను పిల్లల కోసం పెట్టెల్లో పెట్టి అమ్మి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది అమెరికాలోని బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ. 1903లో వాళ్లు తెచ్చిన మొదటి ‘క్రేయోలా’ పెట్టెలో ఎనిమిదే రంగులు, ధర అయిదు సెంట్లు. ఆ పేరు పెట్టింది యజమానుల్లో ఒకరైన ఎడ్విన్ బిన్నీ భార్య ఆలిస్. ఆమె బడిపంతులమ్మగా పనిచేసిన మనిషి. ఫ్రెంచి భాషలో సుద్దముక్కని ‘క్రే’ అంటారు. దానికి నూనెదనాన్ని సూచించే మాటలోంచి ‘ఓలా’ తీసి కలిపారు. మన దేశంలో పిల్లల రంగులంటే చాలామందికి గుర్తొచ్చేది ఒంటె బొమ్మ. ఆ కేమ్లిన్ సంస్థ 1931లో సిరా తయారీతో మొదలైంది.

అయితే మైనంలో రంగు కలపడం అమెరికా వాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో దాదాపు రెండువేల ఏళ్లకిందట చనిపోయినవారి ముఖాలను చెక్కపలకల మీద చిత్రించి మమ్మీలకు అమర్చేవారు. వాటిలో చాలావాటికి వాడింది కరిగించిన తేనెమైనంలో కలిపిన రంగులే. ఆ కళ్లలో మెరుపు, ఆ చెంపల మీద ఎరుపు ఇవాళ్టికీ మ్యూజియాల్లో చూడొచ్చు. మైనం నీటిని లోపలికి రానివ్వదు. తనలోని రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఆ గుణమే డబ్బా అడుగునున్న చిన్న ముక్కలోనూ ఉంటుంది.

ముందు మూడు కుప్పలు

పనిలోకి దిగేముందు ముక్కలన్నిటినీ ఓ పాత పేపరు మీద కుమ్మరించి మూడు కుప్పలు చేసుకోవాలి. ఎందుకంటే మన బజారులో ‘క్రేయాన్లు’ అని అమ్మేవాటిలో మూడు రకాలున్నాయి. మూడింటి స్వభావమూ వేరు.

మొదటివి మైనపు క్రేయాన్లు. గోటితో గీరితే పొట్టులా రాలతాయి. చేతికి పెద్దగా అంటవు. కరిగించే పనులన్నిటికీ ఇవే కావాలి. రెండోవి ఆయిల్ పేస్టళ్లు. ముట్టుకుంటేనే వేలికి జిడ్డుగా రంగు అంటుతుంది. వీటిని కరిగించి అచ్చుపోస్తే గట్టిపడవు, మెత్తగానే ఉండిపోతాయి. కానీ కాగితం మీద ఒక రంగులో ఇంకో రంగు కలపడానికి వీటిని మించినవి లేవు. దూదికి ఒక్క చుక్క కొబ్బరినూనె అద్ది రంగుల మీద నెమ్మదిగా రుద్దితే సాయంకాలపు ఆకాశంలా కలిసిపోతాయి. మూడోవి ప్లాస్టిక్ క్రేయాన్లు. నున్నగా, గట్టిగా ఉంటాయి. రబ్బరుతో తుడిస్తే వాటి గీత చెరిగిపోతుంది. వీటిని వేడిచేయడం అసలే వద్దు. మైనంలా కరగవు సరికదా, గాఢమైన వాసన వస్తుంది. వాటిని చెక్కుకుని మామూలుగా గీయడానికే వాడుకోవాలి.

పనికొచ్చే మైనపు ముక్కలకు చుట్టిన కాగితం తీయడం పిల్లలకు సరదా పనే కానీ ఓపిక కావాలి. గిన్నెడు నీళ్లలో ఓ పావుగంట నానబెడితే కాగితం దానంతటదే వదులవుతుంది. మైనం నీళ్లలో కరగదు కాబట్టి భయం లేదు. తర్వాత గుడ్డతో తడి పూర్తిగా తుడవాలి. పసిపిల్లలున్న ఇళ్లలో మరో జాగ్రత్త. పేరూ ఊరూ లేని చౌక రంగుల్ని ఈ పనికి వాడకపోవడమే మంచిది. 1994లో అమెరికాలో, దిగుమతైన కొన్ని క్రేయాన్లలో సీసం ఉందని తేలి వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. విషపదార్థాలు లేవని డబ్బా మీద రాసున్న తెలిసిన కంపెనీవైతే నిశ్చింత.

పొంగనాల పెనంలో హరివిల్లు

రాయలసీమ ఇళ్లలో గుంతపొంగనాల పెనం లేని వంటిల్లు ఉండదు. కొత్తది కొన్నాక పాతది అటకెక్కుతుంది. దాన్ని దించే సమయం ఇదే. అయితే ఒక్కసారి రంగులు పోశాక ఆ పెనం మళ్లీ వంటకు పనికిరాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పెయ్యాలి!

గుంతలకు లోపల ఒక్క చుక్క నూనె రాయాలి. తడిలేని మైనపు ముక్కలను వాటిలో మూడొంతులు నింపాలి. పెనాన్ని మధ్యాహ్నం మిద్దె మీద ఎండ బాగా తగిలేచోట పెట్టి, పైన ఓ గాజుపలక కప్పాలి. నల్లటి ఇనుము ఎండను పీల్చుకుంటుంది, గాజు ఆ వేడిని బయటికి పోనివ్వదు. దాంతో లోపల వేడి బయటి గాలికంటే చాలా పెరుగుతుంది. క్రేయాన్ మైనం సుమారు 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి మే నెల ఎండకు ఈ పని అసాధ్యమేం కాదు. నీళ్లలా పూర్తిగా కరగకపోయినా మెత్తబడి ఒకదాన్నొకటి పట్టుకుంటే చాలు. పొద్దువాలాక పెద్దవాళ్లు గుడ్డతో పెనం పట్టుకుని నీడకు తేవాలి. చల్లారాక ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచి బోర్లించి తడితే రంగురంగుల పొంగనాలు జలజలా రాలతాయి. చల్లబడ్డ మైనం కాస్త కుంచించుకుపోతుంది. అందుకే అంత సులువుగా ఊడివస్తుంది.

ఎండ చాలని రోజుల్లో పొయ్యి తప్పదు. అప్పుడు మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టకూడదు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు కాచి, అందులో ముక్కలున్న చిన్న రేకుడబ్బాని నిలబెట్టాలి. నీళ్లు వంద డిగ్రీలు దాటవు కాబట్టి మైనం అంటుకునేంత వేడెక్కదు. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లలు దూరంగా నిలబడి చూడాలి. ఒకవేళ పొరపాటున మైనం అంటుకుంటే నీళ్లు మాత్రం చల్లకూడదు. పొయ్యి ఆపి మూత పెట్టెయ్యాలి. మిగిలిన మైనాన్ని సింకులో పారబోస్తే గొట్టంలో గడ్డకట్టుకుపోతుంది. దాన్ని పేపర్లో పోసి, గట్టిపడ్డాక దాచుకుంటే ఇంకోసారికి పనికొస్తుంది.

రంగుల ఎంపికలో ఓ కిటుకుంది. అన్నీ కలిపేస్తే హరివిల్లు రాదు, బురద రంగు వస్తుంది. ఎరుపు, నారింజ, పసుపు ఒక గుంతలో. నీలం, ఆకుపచ్చ ఇంకో గుంతలో వేయాలి. ఎరుపునీ ఆకుపచ్చనీ ఒకచోట చేరిస్తే మట్టి రంగే. ముక్కల్ని పొడిచేయకుండా కాస్త పెద్దవిగానే ఉంచితే ఏ రంగుకారంగు విడివిడిగా కనబడుతుంది. అలా తయారైన పొంగనంతో గీత గీస్తే ఎరుపుతో మొదలై పసుపులోకి మారుతుంది. ఒకే గీతలో రెండు రంగులు! కొత్త డబ్బాలోని ఏ క్రేయానూ చేయలేని పని ఇది.

నిమ్మలకుంట నేర్పిన పాఠం

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలోనే ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. మేకతోలును శుభ్రంచేసి, వెలుతురు దూరేంత పల్చగా సిద్ధంచేసి, రాముణ్నీ రావణుణ్నీ గీస్తారు. ఉలితో వందల చిల్లులు పొడుస్తారు. రెండువైపులా రంగులద్దుతారు. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. తెల్లటి తెర వెనక దీపాలు వెలిగించి బొమ్మను ఆనిస్తే రంగులు తెర మీదికి దూకుతాయి. చిల్లులు నగల్లా మెరుస్తాయి. తెల్లవార్లూ సాగే ఆ ఆటలో మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవారు. ఊళ్లోని అవ్వలను కదిపితే ఆ కబుర్లు ఇప్పటికీ చెబుతారు.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. తెర ముందు జనం పల్చబడ్డారు. ఆటనే నమ్ముకున్న కుటుంబాలకు అది చిన్న దెబ్బ కాదు. అప్పుడు నిమ్మలకుంట కళాకారులు తోలునీ ఉలినీ రంగునీ వదిలెయ్యలేదు. వాటితోనే దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు, అలంకరణ వస్తువులు చేయడం మొదలుపెట్టారు. సామగ్రి అదే, చేతిపని అదే. పని మాత్రం మారింది. ఇంటిల్లిపాదీ కలిసి ఇళ్లలోనే చేసే ఆ పని ఆ ఊరి పేరును నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక వాడకం పోయినంత మాత్రాన వస్తువు పని అయిపోదనడానికి పక్క ఊళ్లోనే ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏం కావాలి!

అదే పద్ధతిలో పాత క్రేయాన్లతో ఇంట్లో కాగితపు తోలుబొమ్మ చేయొచ్చు. స్టేషనరీ కొట్లో దొరికే బటర్ పేపర్ రెండు ముక్కలు తీసుకోవాలి. ఒకదాని మీద నల్ల బాల్‌పెన్నుతో బొమ్మ గీయాలి. అది హనుమంతుడు కావచ్చు, నెమలి కావచ్చు, ఇంటి ముందు తిరిగే కోడిపుంజు కావచ్చు. క్రేయాన్ ముక్కల్ని షార్ప్‌నర్‌లో తిప్పితే సన్నటి తురుము వస్తుంది. ఎక్కడ ఏ రంగు కావాలో అక్కడ ఆ తురుమును పల్చగా చల్లాలి. గుప్పెళ్లకొద్దీ పోస్తే కరిగి బయటికి కారుతుంది. చిటికెడు చాలు. పైన రెండో కాగితం కప్పాలి. కింద ఓ పాత నూలుగుడ్డ, పైన ఇంకోటి వేసి, ఇస్త్రీపెట్టెను తక్కువ వేడి మీద ఉంచి, పెద్దవాళ్లెవరైనా కొద్ది క్షణాలు అద్దినట్టుగా నొక్కాలి. గుడ్డ తీసి చూస్తే రెండు కాగితాలూ అతుక్కుపోయి, మధ్యలో రంగులు అద్దంలా మెరుస్తుంటాయి.

ఇలా ఎందుకవుతుంది? బజ్జీల పొట్లం విప్పినప్పుడు నూనె పీల్చిన చోట కాగితంలోంచి వెలుతురు కనబడుతుంది కదా... అదే సూత్రం. కాగితం పోగుల మధ్య సందుల్లో గాలి ఉన్నంతసేపూ వెలుతురు చెల్లాచెదురవుతుంది. ఆ సందుల్ని నూనెగానీ మైనంగానీ నింపితే వెలుతురు లోపలికి దూరిపోతుంది. మేకతోలును పల్చన చేయడంలోనూ ఉద్దేశం అదే.

బొమ్మను కత్తిరించి, కొబ్బరి ఈనెను వెనక అతికించాలి. నగలున్న చోట, అంచుల వెంట గుండుసూదితో వరసగా చిల్లులు పొడవాలి. రాత్రి లైట్లార్పి, తాతయ్య పాత తెల్లపంచెను రెండు కుర్చీల మధ్య కట్టి, వెనక టార్చి పెడితే తెర సిద్ధం. కథ పిల్లలే అల్లుకుంటారు. కరెంటు పోయినా నష్టం లేదు, ఆట ఇంకా రక్తికడుతుంది!

తెల్ల క్రేయాన్ గుట్టు

డబ్బాలో ఎవరూ ముట్టని తెల్ల క్రేయాన్‌ది కూడా ఓ కథే. తెల్లకాగితం మీద దాంతో ఓ బొమ్మ గీయండి. కనబడదు. ఇప్పుడు నీలం వాటర్ కలర్‌ను నీళ్లలో పల్చగా కలిపి బ్రష్షుతో కాగితమంతా పూయండి. మైనం గీసినచోట నీరు నిలవదు, జారిపోతుంది. కాగితం మీద నీలాకాశం, అందులో తెల్లటి బొమ్మ ప్రత్యక్షం. చుక్కలు పెట్టి పూస్తే నక్షత్రాల రాత్రి. అడ్డంగా సన్నగా గీసి పూస్తే వాన. వానకోసం మొగం వాచిన ఊళ్లో పిల్లలు ఈ బొమ్మే ముందు వేస్తారేమో!

ఇదేదో పిల్లల గారడీ అనుకుంటే పొరపాటు. కోరమాండల్ తీరంలో ఒకప్పుడు కలంకారీ బట్టలు తయారుచేసి విదేశాలకు పంపినవాళ్లు నీలిమందు దగ్గర ఈ పద్ధతే పాటించారు. నీలం పట్టకూడని చోట్లన్నిటినీ మైనంతో కప్పి, బట్టను నీలిమందు తొట్టిలో ముంచేవారు. తర్వాత వేడినీళ్లతో మైనాన్ని వదిలించేవారు. మైనమున్నంత మేరా బట్ట తన రంగుతోనే మిగిలేది. బాతిక్ బట్టల సూత్రమూ ఇదే. మైనం ఇక్కడ రంగు వేయడానికి కాదు, రంగు పడకుండా కాపు కాయడానికి.

ముక్క ఉంటేనే మేలు

కొన్ని పనులకు నిలువు క్రేయాన్ కంటే విరిగిన ముక్కే నయం. కాగితం ఊడిన ముక్కను పడుకోబెట్టి రుద్దితే వెడల్పాటి పట్టీలా రంగు పడుతుంది. రావి ఆకునో వేపరెమ్మనో బోర్లించి, మీద పల్చటి కాగితం పరచి, ముక్కను అడ్డంగా రుద్దితే ఈనెలతో సహా ఆకు అచ్చు దిగుతుంది. నాణేలు, వెదురుచాట, చెక్కిన తలుపు, ప్లాస్టిక్ చాప... ఎగుడుదిగుడుగా ఉన్న ఏదైనా సరే అచ్చుకు పనికొస్తుంది. మాక్స్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు 1925లో నేలమీది చెక్కల గీతల్ని ఇలాగే కాగితం మీదికి రుద్ది, ఆ గీతల్లోంచే కొత్త చిత్రాలు పుట్టించాడు. మన పిల్లలు వాకిట్లో బండల గరుకును రుద్ది, అందులో కొండనో ఏనుగునో వెతుక్కోవచ్చు. ధర్మవరం పట్టుచీర జరీ అంచు కూడా ఎత్తుగానే ఉంటుంది కదా అని అమ్మ చీర మీద కాగితం పరిస్తే మాత్రం వీపు విమానం మోత!

అచ్చుల కోసం గుళ్లలోని పాత శిల్పాల మీద రుద్దడమూ తగదు. లేపాక్షికి వెళ్లినప్పుడు లతామండపం స్తంభాల మీది అల్లికల్ని, కప్పు మీది బొమ్మల చీరల అంచుల్ని కళ్లతో చూసి చిన్న పుస్తకంలో దించుకుంటే చాలు. ఆ చిత్రాలు విజయనగర రాజుల కాలానివి. నల్లటి గీత మధ్యలో మట్టిరంగులు, ఆకురంగు... ఉన్నవి కొన్ని రంగులే. అయినా అందులోని అంచుల వైవిధ్యం చూసి ఇవాళ్టికీ చీరల మీద లేపాక్షి డిజైన్లు వేస్తున్నారు. డబ్బాలో అయిదు రంగుల ముక్కలే మిగిలాయని బెంగపడే పిల్లలకు ఇది చూపించాల్సిన చోటు.

ఇంకో ఆట గీకుడు బొమ్మ. మందపాటి కాగితం మీద మిగిలిన ముక్కలన్నిటితో రంగురంగుల మచ్చలు దట్టంగా వేయాలి. దాని మీద కాస్త షాంపూ చుక్క కలిపిన నల్ల పోస్టర్ కలర్ పూసి ఆరనివ్వాలి. షాంపూ లేకపోతే మైనం మీద రంగు నిలవదు. ఆరాక మొద్దుసూదితోనో, రాయడం ఆగిపోయిన బాల్‌పెన్నుతోనో గీకితే నలుపులోంచి రంగులు తొంగిచూస్తాయి. ముందు ఏ రంగు వస్తుందో గీసేవాళ్లకే తెలియదు. సరిగ్గా గీయడం రాదని మొహమాటపడే పిల్లలు కూడా ఇక్కడ వెనకాడరు. తప్పు గీత అంటూ ఉండదు కాబట్టి.

గోడకు తగిలించే ముందు

క్రేయాన్లను అట్టమీద వరసగా అతికించి, హెయిర్ డ్రయర్‌తో కరిగించి ధారలుగా కార్చే చిత్రాలు ఇంటర్నెట్‌లో చాలా కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ మన ఎండలకు అవి అంత నప్పవు. రేకుల ఇంట్లోనో, పడమటి ఎండ పడే గోడకో తగిలిస్తే వేసవిలో మళ్లీ మెత్తబడి కిందికి జారతాయి. పైగా ఒక్క బొమ్మకే డబ్బాడు క్రేయాన్లు కావాలి. పాతవాటిని వాడటానికి కొత్తవి కొంటే ఇంకేం లాభం! పల్చగా పరచుకునే అచ్చులు, గీకుడు బొమ్మలు, నీలం పూసిన చిత్రాలు ఇక్కడికి మేలు. వాటినీ నేరుగా ఎండ పడని గోడకే తగిలించాలి. కాగితపు తోలుబొమ్మల్ని రెండు పుస్తకాల మధ్య చల్లటిచోట దాచుకుంటే వచ్చే వేసవికీ ఉంటాయి.

కరిగించిన క్రేయాన్లలో వత్తిపెట్టి కొవ్వొత్తులు చేద్దామన్న ఆలోచన కూడా వస్తుంది. అది వద్దు. క్రేయాన్‌లోని రంగుపొడి వత్తికి అడ్డుపడి మంట సరిగా నిలవదు, పొగ చిమ్ముతుంది. బట్టల మీద మైనం పడితే చెంచాతో గీరేసి, పైనా కిందా పీల్చే కాగితాలు పెట్టి ఇస్త్రీ చేస్తే చాలావరకు కాగితంలోకి వెళ్లిపోతుంది.

చిన్ని పిడికిళ్లకు

అమెరికాలో హోటళ్లకు వచ్చే పిల్లలకు బల్ల దగ్గర క్రేయాన్లు ఇస్తారు. వాళ్లు వెళ్లాక అవి చెత్తలోకే. అది చూడలేక కాలిఫోర్నియాకు చెందిన బ్రయాన్ వేర్ ‘ది క్రేయాన్ ఇనిషియేటివ్’ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టాడు. హోటళ్లు, బడులు, ఇళ్ల నుంచి పాత క్రేయాన్లు సేకరించి, కరిగించి కొత్తగా అచ్చుపోసి పిల్లల ఆసుపత్రులకు ఇస్తారు. మంచం మీదున్న పిల్లలకు రోజు గడవడానికి అవో తోడు.

అంత పెద్ద పని చేయనక్కర్లేదు. పొంగనాల పెనంలోంచి వచ్చిన లావుపాటి గుండ్రటి రంగుముక్కలు మూడేళ్ల పిల్లలకు సరిగ్గా సరిపోతాయి. సన్నటి క్రేయాన్‌ను వేళ్లతో పట్టుకోవడం ఆ వయసులో ఇంకా రాదు. గట్టిగా నొక్కి విరిచేస్తారు, విరిచారని తిట్లు తింటారు. పిడికిట్లో ఇమిడే ముక్క విరగదు, బల్లమీంచి దొర్లిపోదు. వీధి చివర అంగన్‌వాడీలో అలాంటి పిల్లలు పదిమందైనా ఉంటారు. మరీ చిన్న ముక్కలు మాత్రం ఇవ్వకూడదు, నోట్లో వేసుకుంటారు. గుంత నిండుగా పోసి చేసినవే ఇవ్వాలి.

జూన్‌లో బడులు తెరిచే ముందు పుస్తకాలు, సంచి, డ్రెస్సులతో పాటు కొత్త రంగుల డబ్బా కూడా కొనాల్సిన జాబితాలో ఉంటుంది. కొనండి. కొత్త డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన పిల్లల హక్కు! కాకపోతే పాత డబ్బాను పారెయ్యకుండా పక్కనే ఉంచండి. కొత్త ఎరుపు విరిగినరోజు ‘మ్మా, ఇరిగిపాయె’ అని బిక్కమొహం వేసుకుని వచ్చే పిల్లవాడికి, అది ఏ డబ్బాలోకి వెళ్లాలో, అక్కణ్నుంచి ఏమవుతుందో తెలిసి ఉండాలి. అప్పుడు వాడు ఏడవడు. ఆ రెండు ముక్కల్నీ పాత డబ్బాలో వేసి, మే నెల ఎండల కోసం ఎదురుచూస్తాడు.